కార్డు సరే, సంతకం ఎవరిది?

సెలబ్రిటీల క్రిస్మస్ కార్డుల గురించి వచ్చిన వ్యాసం చదివాను. అందులో సగం అమెరికా టీవీ షోతో పేరుపొందిన కర్దాషియన్ల కుటుంబం కార్డు ఫొటోలకే పోయింది. నాకైతే టామ్ క్రూజ్ పద్ధతి నచ్చుతుంది. ఏటా తెలిసినవాళ్లకు కొబ్బరి కేకు పంపిస్తాడు, తిన్నవాళ్లే ఊరంతా చెప్పుకుంటారు! అసలు 1843లో లండన్‌లో హెన్రీ కోల్ అనే ఆయన మొట్టమొదటి క్రిస్మస్ కార్డులు అచ్చు వేయించిందే అందరికీ విడివిడిగా ఉత్తరాలు రాసే తీరిక లేక. ఒక్కోటి షిల్లింగు, అప్పటికి అది చిన్న మొత్తమేం కాదు. అంటే మొదట్నుంచీ ఇది కలిగినవాళ్ల సరదానే. ఇక్కడ బెంగళూరు ఫ్రేజర్ టౌన్‌లో మా పక్కింటి ఆంటీ మాత్రం ప్లమ్ కేకు డబ్బా మీద మా అందరి పేర్లూ తనే రాసి ఇస్తారు, మా కుక్క పేరుతో సహా. సెలబ్రిటీల కార్డుల్లో వాళ్లు స్వయంగా సంతకం పెట్టేవెన్నో, మేనేజర్లు పంపేవెన్నో కూడా రాయాల్సింది.