ట్రైలర్ కొన్నవాడే ఆఖరి ఇన్‌స్పెక్టర్

అమెరికాలో ఆర్వీ (చక్రాల మీద ఇల్లులాంటి వాహనం) డీలర్ దగ్గరికి ట్రావెల్ ట్రైలర్, అంటే కారు వెనక తగిలించి లాక్కెళ్లే చిన్న ఇల్లు, కొందామని వెళ్లినవాళ్లు నేరుగా లోపలికి ఎక్కుతారు. మంచం మీద కూర్చుని చూస్తారు. ఫ్రిజ్ తలుపు తీస్తారు. బాత్రూంలో తల పైకప్పుకు తగులుతుందేమో చూసుకుంటారు. నిచ్చెన అడిగి పైకప్పు ఎక్కేవాళ్లు మాత్రం అరుదు. ఈ సంగతి తయారీదారులకు మనకంటే బాగా తెలుసు. అందుకే పాతిక వేల డాలర్ల ట్రైలర్‌లో కరెంటుతో వెలిగే ఉత్తుత్తి నిప్పుగూడు ఉంటుంది, రంగుల ఎల్‌ఈడీ లైట్లు ఉంటాయి, పాలరాయిలా కనిపించే కౌంటర్ ఉంటుంది. పైకి ఎక్కి చూస్తే అంచు వెంబడి నీళ్లు దిగకుండా పూసిన సీలెంట్ ఒకచోట లావుగా, ఇంకోచోట పలచగా ఉంటుంది. మూలకు వచ్చేసరికి అసలు ఉండకపోవచ్చు.

చౌక ట్రైలర్ల నాణ్యత గురించి ఎప్పుడు చర్చ వచ్చినా రెండే మాటలు వినిపిస్తాయి. కొన్నవాళ్లు ‘మోసపోయాం’ అంటారు. అనుభవజ్ఞులమనుకునేవాళ్లు ‘పెట్టిన డబ్బుకు తగ్గ సరుకే వస్తుంది, కారులా ఉండాలంటే ఎలా?’ అంటారు. రెండో మాట తెలివైనదిగా వినిపిస్తుంది గానీ, నా దృష్టిలో అదే ఎక్కువ తప్పు. సరుకు చౌకైనదైతే చౌకగా ఉండటంలో తప్పు లేదు. సగంలో వదిలేసిన పనిని పూర్తయిన పనిగా అమ్మడమే తప్పు. ఈ రెండింటికీ తేడా ఉంది.

అమెరికాలో అమ్ముడయ్యే ఆర్వీల్లో అధిక భాగం ఉత్తర ఇండియానాలోని ఎల్క్‌హార్ట్, దాని చుట్టుపక్కల ఊళ్లలోనే తయారవుతాయి. జనం చేతిలో డబ్బు ఆడితే ఆ ఊరు వెలుగుతుంది, మాంద్యం వస్తే ముందుగా ఆ ఊరే చీకటవుతుంది. 2008 మాంద్యంలో అక్కడ నిరుద్యోగం ఎంత పెరిగిందంటే, ఒబామా అధ్యక్షుడైన కొద్ది వారాలకే, 2009 ఫిబ్రవరిలో, తన ఆర్థిక ప్యాకేజీ గురించి చెప్పడానికి ఆ ఊరికే వెళ్లారు. కోవిడ్ తర్వాత కథ తిరగబడింది. విమానాలు, హోటళ్లు వద్దనుకున్న జనం ట్రైలర్ల మీద పడ్డారు. 2021లో పరిశ్రమ 6 లక్షలకు పైగా ఆర్వీలను డీలర్లకు పంపింది. అది రికార్డు. రెండేళ్లు తిరక్కుండానే, 2023లో, ఆ సంఖ్య 3.13 లక్షలకు పడిపోయింది. ఇలా ఎగిరి పడే వ్యాపారంలో ఏ కంపెనీ అయినా ఖరీదైన యంత్రాలు పెట్టడానికి జంకుతుంది. గిరాకీ ఉన్నప్పుడు మనుషులను తెచ్చుకోవడం, లేనప్పుడు పంపేయడం సులువు. కాబట్టి ట్రైలర్ ఇప్పటికీ స్క్రూ గన్, స్టేపుల్ గన్ పట్టుకున్న చేతులతోనే తయారవుతోంది.

ఆ చేతుల్లో నైపుణ్యం లేదని కాదు. ఎల్క్‌హార్ట్ ప్రాంతంలో చాలామంది ఆమిష్ (పాతకాలపు పద్ధతుల్లో బతికే క్రైస్తవ వర్గం) పనివాళ్లు ఉన్నారు. చెక్కపనిలో వాళ్లకు వంక పెట్టలేం. చిక్కంతా జీతం లెక్కలో ఉంది. చాలా ఫ్యాక్టరీల్లో గంటల లెక్కన కాకుండా, లైన్ మీద నుంచి ఎన్ని ట్రైలర్లు బయటికి వెళ్లాయో ఆ లెక్కన డబ్బులిస్తారు. తెల్లవారకముందే పని మొదలవుతుంది, ఆ రోజు కోటా పూర్తయితే మధ్యాహ్నానికే ఇంటికి వెళ్లిపోవచ్చు. ఈ పద్ధతిలో పైపు బిగింపు ఇంకోసారి చూసుకునే పనివాడు తన ఒక్కడి టైమే కాదు, పక్కవాళ్ల టైమ్ కూడా తింటున్నట్టు లెక్క. వదులుగా ఉన్న నీటి పైపు, హీటర్ గొట్టంలో రంపపు పొట్టు, చెక్కలోకి దిగకుండా పక్కనుంచి పోయిన స్క్రూ, ఇవన్నీ పనివాడి నిర్లక్ష్యం కింద రాసేస్తుంటాం. ఆ నిర్లక్ష్యానికి కూలి కట్టిస్తున్నది ఎవరో అడగం.

‘ఇంకొంచెం డబ్బు పెట్టి మంచి బ్రాండ్ కొనాల్సింది’ అనే సలహా ఎందుకు తేలిపోతుందో ఇక్కడే అర్థమవుతుంది. మార్కెట్లో డజన్ల కొద్దీ బ్రాండ్లు కనిపిస్తాయి గానీ, వాటిలో అత్యధికం మూడు గొడుగుల కిందే ఉన్నాయి: థార్ ఇండస్ట్రీస్, 2005లో వారెన్ బఫెట్ కంపెనీ బెర్క్‌షైర్ హాథవే కొన్న ఫారెస్ట్ రివర్, విన్నెబేగో. కీస్టోన్, జేకో, ఎయిర్‌స్ట్రీమ్ అన్నీ థార్‌వే. పైగా అడుగున ఉండే ఇనుప ఫ్రేమ్, యాక్సిళ్లు, పక్కకు జరిగే గది యంత్రాంగం, ఫ్రిజ్, ఏసీ లాంటివి కొద్దిమంది సప్లయర్ల దగ్గర నుంచే అందరికీ వెళ్తాయి. బడ్జెట్ మోడల్ నుంచి మధ్యతరగతి మోడల్‌కు ఎక్కితే పది వేల డాలర్లు అదనంగా పోతాయి. దానికి వచ్చేది తరచుగా పొడవు, ఇంకో స్లైడ్ ఔట్ (పక్కకు జరిగే గది), మెత్తటి సోఫా. పైకప్పు అంచును ఇంకో పది నిమిషాలు శ్రద్ధగా చూసే మనిషి ఆ ధరలో వస్తాడన్న భరోసా లేదు.

అసలు శత్రువు నీరు. చౌక ట్రైలర్లలో ఎక్కువగా కనిపించే కట్టుబడిని అక్కడివాళ్లు ‘స్టిక్ అండ్ టిన్’ అంటారు. సన్నటి చెక్క చట్రం, మధ్యలో గాజు ఊలు, పైన ముడతల అల్యూమినియం రేకు. ఇందులో తప్పేమీ లేదు. తేలిక, చౌక, చెడితే ఒక రేకు విప్పి లోపలి చెక్క మార్చుకోవచ్చు. గోడ నున్నగా మెరిసే లామినేటెడ్ ట్రైలర్ చూడటానికి ఖరీదుగా ఉంటుంది గానీ, పొరల మధ్యకు ఒకసారి నీళ్లు వెళ్తే జిగురు విడిపోయి గోడ పొక్కులా ఉబ్బుతుంది. దాన్ని బాగుచేసే ఖర్చుకు ఒక్కోసారి ట్రైలర్ విలువే సరిపోదు. లోపల సన్నటి ప్లైవుడ్ ఉంటే కుళ్లు కూడా తోడవుతుంది.

ఈ రెండు కట్టుబడుల్లోనూ సాధారణంగా పైకప్పు మీద రబ్బరు లాంటి పొర పరుస్తారు. తర్వాత దానికి వరసగా రంధ్రాలు పెడతారు. ఏసీకి ఒకటి, గాలి ఫ్యాన్లకు రెండు, టాయిలెట్ గొట్టాలకు, యాంటెనాకు, ఆకాశం కనిపించే కిటికీకి ఇంకొన్ని. ప్రతి రంధ్రం చుట్టూ స్క్రూలు, వాటి మీద సీలెంట్. ఎండకు సాగి, చలికి బిగుసుకుని, రోడ్డు మీద గంటల తరబడి ఊగి ఆ సీలెంట్ పగులుతుంది. అందుకే చాలా మాన్యువళ్లు ప్రతి 90 రోజులకోసారి సీలెంట్ చూసుకోమంటాయి. చూసుకోకపోతే నీటి నష్టానికి వారంటీ వర్తించదని కూడా అక్కడే రాసి ఉంటుంది. అమ్మేటప్పుడు ఈ 90 రోజుల మాట ఎవరైనా నోరు తెరిచి చెప్పగా నేను వినలేదు. చిన్నక్షరాల్లో చదువుకోవలసిందే.

చిన్న చుక్క కారడం పెద్ద విషయంగా అనిపించదు. కానీ నీరు పడిన చోట మరక రాదు. చట్రం వెంట పాకి పది అడుగుల అవతల, మంచం కింద, ఎవరూ చూడని మూలలో చేరుతుంది. నేల మెత్తబడిందని కాలికి తెలిసేనాటికి రెండు శీతాకాలాలు గడిచిపోతాయి, ఏడాది వారంటీ ఎప్పుడో ముగుస్తుంది. ట్రైలర్‌లోకి గాలి నింపి, బయట సబ్బునీళ్లు చల్లి, బుడగలు వచ్చిన చోటల్లా కారుతుందని తేల్చే పరీక్ష ఒకటుంది. రాకెట్ సైన్సేమీ కాదు, రిపేరు షాపుల్లో చేస్తూనే ఉంటారు. కొత్త ట్రైలర్‌కు అది చేసి, ఫలితం కాగితం మీద రాసి ఇవ్వడం మాత్రం మామూలు పద్ధతి కాలేదు.

తలుపు పక్కన ఉండే ఆర్వీఐఏ ముద్ర చూసి ‘తనిఖీ అయింది కదా’ అనుకునేవాళ్లు చాలామంది. అది ఆర్వీ పరిశ్రమ సంఘం ముద్ర. గ్యాస్, కరెంటు, ప్లంబింగ్, అగ్ని భద్రత విషయాల్లో ఎన్‌ఎఫ్‌పీఏ 1192 లాంటి ప్రమాణాలను పాటిస్తున్నామని తయారీదారు చెబుతున్నట్టు దాని అర్థం. ఆ ప్రమాణాలు ముఖ్యమైనవే, ప్రాణాలు కాపాడేవే. అయితే డ్రాయర్ ఊడిపోదని గానీ, పైకప్పు కారదని గానీ ఆ ముద్ర చెప్పదు. ప్రభుత్వం వైపు నుంచి రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ రీకాల్స్ (లోపమున్న వాహనాలను వెనక్కి పిలిపించి బాగుచేయించడం) ఉన్నాయి. అవి కూడా బ్రేకులు, టైర్లు, గ్యాస్ లీకుల వంటి భద్రతా లోపాలకే. కుళ్లిన నేల కొన్నవాడికీ డీలర్‌కూ మధ్య మిగిలిపోయే తగాదా.

ఇక కొన్నవాళ్ల ఆశల సంగతి. ముప్ఫై వేల డాలర్ల కారు లక్ష మైళ్లు పెద్ద గొడవ లేకుండా తిరుగుతుంటే, అదే ధరకు వచ్చే ట్రైలర్ మొదటి ప్రయాణంలోనే ఎందుకు చెడుతుందని అడుగుతారు. కారు మోడల్ ఒక్కొక్కటీ లక్షల్లో తయారవుతుంది, రోబోలు వెల్డింగ్ చేస్తాయి, ఏళ్ల తరబడి పరీక్షలు జరుగుతాయి. ట్రైలర్ తక్కువ సంఖ్యలో తయారవుతుంది, ఏటా ఫ్లోర్ ప్లాన్ మారుతుంది. కాబట్టి కారుతో పోల్చడం సరికాదన్నది నిజమే. అయితే ఆ పోలిక కొన్నవాళ్ల బుర్రలో ఊరికే పుట్టలేదు. దాన్ని అక్కడ నాటింది అమ్మేవాళ్లే.

ఎలాగంటారా? మంచం, వంట ఏర్పాటు, టాయిలెట్ ఉంటే ట్రైలర్‌ను రెండో ఇల్లుగా చూపించి అప్పు వడ్డీకి పన్ను మినహాయింపు అడగవచ్చని అమెరికా పన్ను చట్టం ఒప్పుకుంటుంది. సేల్స్‌మన్ ఈ మాట చెప్పడం మర్చిపోడు. అప్పు పది, పదిహేను, ఒక్కోసారి ఇరవై ఏళ్లకు ఇస్తారు, కాబట్టి నెలవారీ కిస్తీ చిన్నగా కనిపిస్తుంది. వారంటీ కాగితం మాత్రం చాలావరకు ఒక ఏడాదికే పరిమితం. చాలా వారంటీల్లో ‘శాశ్వత నివాసంగా వాడితే చెల్లదు’ అని ఉంటుంది. ఫ్రిజ్ చెడితే ఒక కంపెనీకి, ఏసీకి ఇంకో కంపెనీకి, యాక్సిల్‌కు మూడో కంపెనీకి ఫోన్ చేయాలి. కార్లకు ఉన్న లెమన్ చట్టాలు (పదేపదే చెడే కారుకు డబ్బు వాపసో కొత్త కారో ఇప్పించేవి) చాలా రాష్ట్రాల్లో, కారు వెనక లాక్కెళ్లే ట్రైలర్లకు వర్తించవు. కోర్టుకు వెళ్లాలంటే ఇండియానాకే రావాలని కొన్ని వారంటీలు షరతు పెడతాయి. అప్పు ఇచ్చేటప్పుడు ఇల్లు, రిజిస్ట్రేషన్‌కు వాహనం, చెడిపోయినప్పుడు మాత్రం వారాంతపు ఆటవస్తువు. పదిహేనేళ్ల అప్పు తీసుకున్నవాడు పదిహేనేళ్లు నిలవాలని ఆశించడం అత్యాశ ఎలా అవుతుందో నాకు అర్థం కాదు.

ఈ గందరగోళం ఎంత దూరం వెళ్లగలదో కత్రినా తుపాను తర్వాత కనిపించింది. 2005లో ఇళ్లు కోల్పోయినవాళ్ల కోసం ప్రభుత్వ విపత్తు సహాయ సంస్థ ఫెమా లక్షకు పైగా ట్రైలర్లు, మొబైల్ హోమ్‌లు కొనింది. సెలవుల్లో నాలుగు రోజులు కిటికీలు తీసుకుని పడుకోవడానికి కట్టిన గూళ్లలో కుటుంబాలు నెలల తరబడి, కొందరైతే ఏళ్ల తరబడి, తలుపులు మూసుకుని బతికాయి. కళ్ల మంటలు, దగ్గు మొదలయ్యాయి. ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 519 ట్రైలర్లు, మొబైల్ హోమ్‌లలో గాలి పరీక్షించి 2008 ఫిబ్రవరిలో ఫలితాలు చెప్పింది: ఫార్మాల్డిహైడ్ సగటున వంద కోట్ల భాగాలకు 77 భాగాలు, మామూలు ఇళ్లలో కంటే ఎక్కువ. ప్లైవుడ్, పార్టికల్ బోర్డుల జిగురు నుంచి వచ్చే వాయువు అది. ఆ గొడవ ఫలితంగా చెక్క పలకల నుంచి వెలువడే ఫార్మాల్డిహైడ్‌కు దేశమంతటా పరిమితి పెడుతూ 2010లో చట్టం వచ్చింది. ‘చౌక సరుకు కదా’ అని ఊరుకుని ఉంటే అదీ వచ్చేది కాదు.

కొన్నవాళ్ల తప్పులు లేవా అంటే ఉన్నాయి. బరువు సంగతే తీసుకోండి. తలుపు దగ్గర పసుపు స్టిక్కర్ మీద ఎంత సామాను వేయవచ్చో పౌండ్లలో రాసి ఉంటుంది, నీళ్ల ట్యాంక్ నిండితే అందులో ఎంత పోతుందో కూడా ఉంటుంది. గాలన్ నీళ్లు 8.3 పౌండ్లు. 40 గాలన్ల ట్యాంక్ నింపితేనే 330 పౌండ్లు దాటిపోతుంది. స్టిక్కర్ మీద 900 అని ఉంటే గిన్నెలు, బట్టలు, కుర్చీలు, పనిముట్లు, సైకిళ్లకు మిగిలేది 570 లోపే. ఆ లెక్క చూడకుండా నింపేసి, టైరు పేలితే చైనా టైరును తిడతారు. చక్రాల బేరింగులకు ఏడాదికోసారి గ్రీజు పెట్టాలి, కొత్త చక్రాల నట్లను మొదటి 10, 25, 50 మైళ్ల దగ్గర మళ్లీ బిగించాలి. ఇవి చేయనివాళ్లు ఎక్కువే. (‘పాతకాలం ట్రైలర్లు ఎంత గట్టివో’ అనేవాళ్లకు ఒక మాట. 1970ల నాటివి ఇప్పటికీ తిరుగుతున్నవి మనకు కనిపిస్తాయి. కుళ్లి చెత్తకు పోయినవి కనిపించవు.)

కానీ ఈ తప్పులను చూపించి ఫ్యాక్టరీ తప్పులను కప్పేయడం పరిశ్రమకు అలవాటైపోయింది. కొన్న మూడో రోజున సింక్ కింద పైపు ఊడితే అది మెయింటెనెన్స్ సమస్య కాదు. అలాంటివి డీలర్ దగ్గరే బయటపడాలి. డెలివరీకి ముందు తనిఖీ చేయడం డీలర్ పనే, బిల్లులో దానికి ఫీజు కూడా వేస్తారు. హడావిడి సీజన్లో అది ట్రైలర్ కడిగి, లైట్లు వేసి చూపించడంతో సరి.

నేను కొనేవాడినైతే స్లైడ్ ఔట్ లేని చిన్న ట్రైలర్ చూస్తాను. కదిలే గది అంటే గోడలో ఒక పెద్ద రంధ్రం, దానికి మోటారు, దాని చుట్టూ రబ్బరు. తగ్గించగలిగిన ప్రతి రంధ్రమూ లాభమే. మినెసోటాలోని స్కాంప్, టెక్సస్‌లోని కసీటా లాంటి కంపెనీలు ఫైబర్‌గ్లాస్ అచ్చులో పోసిన రెండు డిప్పలను గుడ్డులా అతికించి చేసే ట్రైలర్లు ఉన్నాయి. అతుకులు తక్కువ కాబట్టి కారే చోట్లూ తక్కువే. ఏళ్లు గడిచినా వాటి రేటు అంత త్వరగా పడదు. అడుగు లెక్కన చూస్తే ఖరీదు ఎక్కువే, నిప్పుగూడు ఉండదు, నిలబడితే తల పైన పెద్దగా జాగా ఉండదు. మామూలు బడ్జెట్ ట్రైలరే కావాలంటే, సంతకం పెట్టకముందే డీలర్‌తో సంబంధం లేని ఇన్‌స్పెక్టర్‌కు కొన్ని వందల డాలర్లు ఇచ్చి చూపించాలి. డబ్బు కట్టేశాక లోపాల లిస్టు ఇస్తే మన వంతు సీజన్ చివరికి వస్తుంది. కట్టకముందు ఇస్తే మర్నాటికే పని అవుతుంది.

పైకప్పు చూస్తానని నిచ్చెన అడిగితే చాలాచోట్ల ‘కస్టమర్లను ఎక్కనివ్వం, ఇన్సూరెన్స్ ఒప్పుకోదు’ అంటారు. అది నిజమే కావచ్చు. గొడవ పడనక్కర్లేదు. పొడవాటి కర్రకు ఫోన్ కట్టి, వీడియో ఆన్ చేసి, నాలుగు అంచుల వెంట నెమ్మదిగా తిప్పుకు రండి. ఆ వీడియో సేల్స్‌మన్ పక్కనుండగానే చూడండి. మూల దగ్గర సీలెంట్ లేని చోట పాజ్ చేసి, అతను ఏం చెబుతాడో వినండి.