సముద్రంలో చెత్త తీయడానికి ఎదురు డబ్బులివ్వాలా?

"సెత్త తియ్యడానికి మీరే ఎదురు డబ్బులిచ్చి దిగుతారేటి బాబూ?"

కిందటి చలికాలం శ్రీకాకుళం జిల్లా కళింగపట్నం ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఓ పెద్దాయన నన్ను ఈ మాట అడిగాడు. ఎగతాళికి అడగలేదు. పక్కన డైవింగ్‌కి వాడే గాలి సిలిండర్లు, బెల్టులు, ఖాళీ గోతాలు పెట్టుకుని కూర్చున్న మమ్మల్ని చూసి, నిజంగానే అర్థంకాక అడిగాడు. సముద్రం అడుగున చిక్కుకున్న వలలు తీయడానికి ఆ రోజు మేం తలా మూడున్నర వేలు కట్టి వచ్చాం. అందులో పడవాయనకి ఎంత ఇస్తున్నారని అడిగితే నిర్వాహకులు మాట దాటేశారు. తాతకి ఏం చెప్పాలో నాకు తోచలేదు. అప్పటినుంచీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

అసలు ఖర్చు ఎందుకవుతుందో ముందు చూద్దాం. ఒడ్డున చెత్త ఏరడానికి గోనెసంచి, చేతి తొడుగులు ఉంటే చాలు. ఏటా సెప్టెంబరు మూడో శనివారం ప్రపంచమంతా జరిగే తీర శుభ్రత కార్యక్రమం 1986లో టెక్సాస్‌లో మొదలైంది. అలాంటి పనికి బడిపిల్లలు కూడా వెళ్లొచ్చు. నీళ్ల అడుగు సంగతి వేరు. 12 లీటర్ల సిలిండర్‌ని 200 బార్ ఒత్తిడిదాకా నింపితే దాదాపు 2,400 లీటర్ల గాలి పడుతుంది. ఒడ్డున నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి, ఒత్తిడి రెట్టింపయ్యే 10 మీటర్ల లోతులో 40 లీటర్లు కావాలి. వల కోస్తూ ఆయాసపడితే ఇంకా ఎక్కువ. ఆపదకి కొంత గాలి మిగుల్చుకోవాలి కాబట్టి, చేతిలో ఉండేది ముప్పావుగంట. ఆ ముప్పావుగంట కోసం కంప్రెసర్, పడవ, డీజిల్, ప్రథమ చికిత్సకి ఆక్సిజన్, బీమా అన్నీ సిద్ధంగా ఉండాలి. ఉచితం అని పిలిచినా ఈ ఖర్చు ఎవరో ఒకరి జేబులోంచి పోవాల్సిందే. అందుకే డైవర్ దగ్గర డబ్బు తీసుకోవడమే తప్పని నేను అనను. ఎందుకు తీసుకుంటున్నారో, ఎవరికి చేరుతోందో చెప్పకపోవడం తప్పు.

ఆ రోజు మేం తీసిన వల ఒక రాయికి మూడు మెలికలు తిరిగి ఉంది. నాచు పట్టి పాత దుప్పటిలా వేలాడుతోంది. అందులో ఒక పీత. ఒక్క కాలు మాత్రం కదుపుతోంది. నైలాన్ దారం దాని కీలులోకి దిగబడిపోయింది. దాన్ని విడిపించేసరికి నా గాలి మీటరు ముల్లు ఇరవై బార్లు పడిపోయింది. ఆ వల ఎప్పుడు తెగి పడిందో, ఎవరిదో తెలియదు. యజమాని లేకపోయినా అది వేటాడుతూనే ఉంది. మత్స్యకారులు వలలు పారేస్తారని పట్నంలో కొందరు తేలిగ్గా అనేస్తారు. అప్పు చేసి కొన్న వలని ఎవడు కావాలని పారేస్తాడు? రాయికి పట్టేస్తుంది, లేదా పెద్ద మరపడవ వచ్చి తెంపుకుపోతుంది.

అంత బరువు చేతులతో పైకి తేలేం. గాలి సంచి కట్టి పంపాలి. లీటరు గాలి సుమారు కిలో బరువు లేపుతుంది. పైకి వచ్చేకొద్దీ ఒత్తిడి తగ్గి, 10 మీటర్ల నుంచి నీటిమట్టానికి చేరేసరికి ఆ గాలి రెట్టింపవుతుంది. అంటే సంచి పోనుపోను వేగం అందుకుంటుంది. దాని తాడులో చెయ్యి ఇరుక్కుంటే మనిషినీ లాక్కుపోతుంది. అంత జోరుగా పైకొస్తే ఊపిరితిత్తులు చిట్లొచ్చు. ఈ పని నేర్చుకున్నవాళ్లే చేయాలి.

ఫీజు విషయంలో నా అసలు టెన్షన్ ఇక్కడే. మన సముద్రం మాట వినే రకం కాదు. తెల్లారి నిలకడగా ఉన్న నీళ్లు తొమ్మిదయ్యేసరికి మట్టిరంగు తిరగొచ్చు. వంశధార, నాగావళి మూతుల దగ్గర అయితే మరీను. అప్పుడు "ఇవాళ వద్దు, ఇంటికెళ్లండి" అనే ధైర్యం నిర్వాహకుడికి ఉండాలి. ఇరవై మంది దగ్గర డబ్బు తీసుకున్నవాడికి ఆ మాట నోట రాదు. కట్టినవాడికీ వెనక్కి వెళ్లబుద్ధి కాదు, హైదరాబాద్ నుంచి రాత్రంతా రైల్లో వచ్చాను కదా అంటాడు. డబ్బు ఊరికే పోతుందన్న బాధతో నీళ్లలోకి దిగడం కంటే ప్రమాదం ఇంకోటి లేదు.

అలాగని పూర్తిగా ఉచితం అంటే పేరిచ్చినవాళ్లలో సగంమంది రారు. పడవ ఖాళీగా వెళ్తుంది, డీజిల్ మాత్రం కాలుతుంది. దీనికి అడ్వాన్స్ పద్ధతి మేలు. ముందు కొంత తీసుకుని, వచ్చినవాళ్లకి సాయంత్రం తిరిగి ఇచ్చేయాలి. సముద్రం బాగోక ఆపేస్తే అందరికీ ఇచ్చేయాలి. డైవింగ్ రానివాళ్లు నేర్చుకోవడానికి ఫీజు కట్టడం న్యాయమే, అది చదువు. ఏరిన చెత్తని నమోదు చేసే పద్ధతి నేర్పే కోర్సులు కూడా ఉన్నాయి. డైవర్లు తీసిన చెత్త లెక్కలు రాసిపెట్టే 'డైవ్ అగైనెస్ట్ డెబ్రిస్' కార్యక్రమం 2011 నుంచీ నడుస్తోంది. అయితే పని వచ్చినవాడు సేవకి వస్తే, వాడి సేవనే టికెట్ పెట్టి వాడికి అమ్మడం నాకు నచ్చదు.

ఇంకో మాట. ఫీజు పెరిగేకొద్దీ దిగేవాళ్లు మారిపోతారు. బారువ దగ్గర 1917లో కాలి మునిగిన చిల్కా ఓడ శిథిలాలు ఉన్నాయి. వాటిని చూడటానికి ఎక్కడెక్కడి నుంచో డైవర్లు వస్తారు. ఏ రాయికి వల పడుతుందో, ఏ గాలికి నీళ్లు తేటపడతాయో చిన్నప్పటి నుంచీ ఎరిగిన బారువ, భావనపాడు, చింతపల్లి కుర్రాళ్లు మాత్రం ఒడ్డునే నిలబడతారు. కోర్సుకే డబ్బుల్లేవు, ఇక రోజు ఫీజు ఎక్కడిది? శ్రీకాకుళానికి 193 కిలోమీటర్ల తీరం ఉంది. సెలవుల్లో వచ్చివెళ్లే మాలాంటివాళ్లతో అది శుభ్రపడదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధంలో ఈ కుర్రాళ్లు ఖాళీగానే ఉంటారు. శిక్షణ అప్పుడు ఇవ్వొచ్చు, రోజుకూలి లెక్కకట్టి మరీ ఇవ్వాలి.

డబ్బు ఎక్కడిది అంటారా? 2013 కంపెనీల చట్టం ప్రకారం నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు సగటు లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యతకి ఖర్చుపెట్టాలి. పర్యావరణం ఆ జాబితాలో ఉంది. పైడిభీమవరంలో పరిశ్రమలున్నాయి, మూలపేటలో పోర్టు కడుతున్నారు. ఊరికొక కంప్రెసర్, పది మందికి శిక్షణ వాళ్లకి పెద్ద భారం కాదు. ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వచ్చే తీరం ఇది, వలలో చుట్టుకున్న తాబేలు ఊపిరికి పైకి రాలేక చచ్చిపోతుంది.

చలికాలం వస్తే నీళ్లు మళ్లీ తేటపడతాయి. మళ్లీ పిలుపులొస్తాయి, నేనూ వెళ్తాను. ఈసారి పేరు ఇచ్చేముందు ఒక్క కాగితం అడుగుతాను. గాలికి ఇంత, డీజిల్‌కి ఇంత, బీమాకి ఇంత, తీసిన వలని ఒడ్డునుంచి తరలించడానికి ఇంత అని రాసి ఉండాలి. అన్నిటికంటే పైవరసలో పడవాయన కూలి ఉండాలి. ఆ కాగితం పడవలు ఆగేచోట, తాత కూర్చునే షెడ్డు గోడకి అంటించాలి.