శాతం చూసి టీకాను తూచొద్దు

పసిపిల్లలకు తీవ్రమైన విరేచనాలు తెచ్చే రోటా వైరస్‌కి వేసే టీకా పేద దేశాల్లో సగం మందికే పనిచేస్తోంది, దానికి అంత ఖర్చు అవసరమా అని అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు. అసలు ఆ ప్రశ్నే తప్పు.

2010లో వెలువడిన ఆఫ్రికా పరీక్షల ఫలితాలు చూడండి. తీవ్రమైన రోటా విరేచనాల నుంచి దక్షిణాఫ్రికా పసిపిల్లలకు టీకా ఇచ్చిన రక్షణ సుమారు 77 శాతం. మలావీలో 49 శాతమే. శాతం చూస్తే మలావీలో టీకా దండగ అనిపిస్తుంది. కానీ టీకా వేసిన ప్రతి వంద మందిలో ఏడాదికి తప్పిన తీవ్రమైన కేసులు దక్షిణాఫ్రికాలో 4.2 అయితే, మలావీలో 6.7! జబ్బు విపరీతంగా ఉన్నచోట సగం పనిచేసే టీకా కూడా ఎక్కువమంది పిల్లల్ని కాపాడుతుంది. ఏ ప్రాంతంలో జబ్బు ఎంత ఉందో లెక్క తీయబట్టే ఇది బయటపడింది.

వయసు సంగతీ అంతే. 1999లో అమెరికాలో తొలి రోటా టీకాను వెనక్కి తీసుకున్నారు. పేగులో పేగు చొచ్చుకుపోయే ప్రమాదం అరుదుగా కనిపించడమే కారణం. ఆ భయంతోనే తర్వాతి టీకాలకు మొదటి డోసు పుట్టిన 15 వారాల్లోపే పడాలన్న గడువు పెట్టారు. విరేచనాలతో పిల్లలు చనిపోని దేశానికి ఆ జాగ్రత్త సరే. పిల్లలు టీకాకు ఆలస్యంగా వచ్చే చోట, విరేచనాలే ప్రాణం తీసే చోట, ఆ గడువు ఎంతమందిని గుమ్మం బయటే ఆపేసిందో! ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో దాన్ని సడలించింది. నా దృష్టిలో అది చాలా ఆలస్యం.

ఒకే రకం వైరస్‌తో చేసిన టీకా మిగతా రకాల మీదా పనిచేస్తోంది కదా, ఇక ఎక్కడ ఏ వైరస్ తిరుగుతోందో చూసే ప్రాంతాలవారీ నిఘా ఎందుకన్నది ఎదుటివారి వాదన. మొదటి మాట నిజమే. కానీ నిఘా పని రకాలు లెక్కపెట్టడంతో అయిపోదు. టీకా వచ్చాక అమెరికాలో పిల్లల విరేచనాలకు నోరోవైరస్ అనే మరో వైరస్ ప్రధాన కారణంగా ముందుకొచ్చింది. నమూనాలు పరీక్షిస్తూ ఉన్నారు కాబట్టే అది తెలిసింది.

మిగతా చాలాచోట్ల రిజిస్టర్‌లో 'విరేచనాలు' అన్న ఒక్క మాటే ఉంటుంది. డాక్టర్‌ని తప్పుపట్టలేం. వైరస్ ఏదైనా ఇచ్చేది ఓఆర్‌ఎస్, జింకే. ఆ బిడ్డ వైద్యానికి పరీక్షతో పనిలేదు. అవసరం తర్వాత పుట్టబోయే పిల్లలది. అందుకే ఆ పరీక్షల ఖర్చు టీకా బడ్జెట్‌లోనే ఉండాలి, టీకా వచ్చేశాక కూడా.