ఈ ఏడాది ఒక్క అఫిడవిటే

పెన్సిల్వేనియాలో పిల్లల్ని ఇంట్లో చదివించుకునేవాళ్ళకి జూన్, జులై వచ్చాయంటే టెన్షన్. పిల్లల ఏడాది చదువుని చూసి సరిగ్గా సాగిందని చెప్పే ఎవాల్యుయేటర్ సర్టిఫికెట్ జూన్ 30లోపు స్కూల్ డిస్ట్రిక్ట్‌కి, అంటే మా ప్రాంతంలో ప్రభుత్వ స్కూళ్ళు నడిపే సంస్థకి చేరాలి. వచ్చే ఏడూ ఇంట్లోనే అనుకుంటే ఆగస్టు 1లోపు మళ్ళీ ఆ మాట రాసిచ్చే అఫిడవిట్ పంపాలి. మా ఇంటి నుంచి కొన్నేళ్ళుగా బాబుకొకటి, పాపకొకటి రెండు వెళ్ళేవి. ఈసారి పాపది మాత్రమే వెళ్ళింది. బాబు స్కూల్లో చేరాడు.

మేం మొదలుపెట్టింది 2020లో. బాబు రెండో తరగతి. కరోనా వల్ల క్లాసులు ఆన్‌లైన్‌లో, స్క్రీన్ ముందు కూర్చోలేక రోజూ ఏడ్చేవాడు. నేను భర్త వీసా మీద ఆధారపడే హెచ్4 వీసా మీద ఉన్నాను, ఉద్యోగం చేయడానికి కావాల్సిన అనుమతి పత్రం ఈఏడీ రాలేదు, పగలంతా ఇంట్లోనే. ఇంతకంటే పెద్ద సిద్ధాంతమేమీ లేదు మా దగ్గర. మాలాంటివాళ్ళు అప్పుడు చాలామంది. సెన్సస్ బ్యూరో సర్వేలో, బడి ఈడు పిల్లలున్న ఇళ్ళలో హోమ్‌స్కూలింగ్ చేసేవి ఆ ఏడాది వేసవికి ముందు 5.4 శాతం, స్కూళ్ళు తెరిచే కాలానికి 11.1 శాతం.

కరోనా పోయింది. స్క్రీన్ పోయింది. మేం మాత్రం ఆపలేదు. బాగా సాగుతోంది కదా అనుకున్నాం. ఈ రాష్ట్రంలో మూడు, ఐదు, ఎనిమిది తరగతుల్లో పరీక్ష రాయించాలి. బాబు రెండుసార్లు రాశాడు, మార్కులు బాగానే వచ్చాయి. ఆ మార్కులు చూసుకునే నేను అసలు ప్రశ్నని వాయిదా వేశాను. చదువు వస్తోందా అన్నది ఒక ప్రశ్న. ఏ కారణంతో మొదలుపెట్టామో ఆ కారణం ఇంకా ఉందా అన్నది వేరే ప్రశ్న. రెండోది ప్రతి జులైలోనూ వేసుకోవాలని ఇప్పుడు నా గట్టి నమ్మకం.

మా కళ్ళు తెరిపించింది ఈ రాష్ట్రంలో 2022లో వచ్చిన 55వ నంబరు చట్టం. ఇంట్లో చదివే పిల్లలు కూడా రోజులో పావు వంతు దాకా తమ డిస్ట్రిక్ట్ స్కూల్లో క్లాసులకి వెళ్ళొచ్చని అందులో ఉంది. మన వాళ్ళలో ఈ సంగతి తెలిసినవాళ్ళు తక్కువ. నిరుడు బాబుని సైన్స్ క్లాసుకి, బ్యాండ్‌కి పంపాం. నేనే కారులో దింపి, నేనే తెచ్చుకునేదాన్ని. మార్చిలో ఒకరోజు కారెక్కి సీటు బెల్టు పెట్టుకుంటూ, "అమ్మా, లంచ్ టైముకి నేనొక్కడినే వచ్చేస్తున్నాను" అన్నాడు. ఫిర్యాదులా అనలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

బాబుని పూర్తిగా స్కూలుకి పంపితే పోయేది తక్కువేమీ కాదు. రోజూ మా ఉదయం 9 గంటలకి తెనాలిలో తాతయ్య వీడియో కాల్‌లోకి వచ్చేవారు. ఎండాకాలం అక్కడ సాయంత్రం 6:30, చలికాలం 7:30. వేమన పద్యం ఒకటి చెప్పించి, అర్థం అడిగి, ఆ పూట ఊళ్ళో ఏం జరిగిందో చెప్పేవారు. పిల్లలకి తెలుగు అలాగే వచ్చింది, నా వర్క్‌షీట్ల వల్ల కాదు. స్కూల్ నుంచి వచ్చేసరికి 4 అవుతుంది, అప్పుడు తెనాలిలో అర్ధరాత్రి దాటి ఉంటుంది. ఇక బాబుకి తాతయ్య శని ఆదివారాల్లోనే. ఈ లెక్క వేసుకున్నప్పుడు బాధపడ్డాను, ఇప్పటికీ పడుతున్నాను.

పాప సంగతి వేరు. తనకి చదవడం ఆలస్యంగా వచ్చింది. తొందరపెట్టకుండా ఒకే పేజీ పదిసార్లు చదివించే తీరిక ఇంట్లోనే దొరికింది. నువ్వూ వెళ్తావా అని అడిగితే, "ఇంకో ఏడాది ఉంటానమ్మా" అంది. ఇద్దరినీ ఒకే చోట చదివించాలన్న రూలు ఎక్కడా లేదు. మనమే పెట్టుకుంటాం.

తల్లుల గురించి కూడా చెప్పాలి. నాకు ఈఏడీ వచ్చింది, ఉద్యోగం చేయాలనుంది. బాబు నిర్ణయంలో అదీ ఒక పాలు. పిల్లల చదువు మాటల్లో తన అలసటని, తన కోరికని ఎత్తడానికి మన ఆడవాళ్ళు సిగ్గుపడతారు. సిగ్గుపడకండి. నేర్పేది మీరు. మీరు అలిసిపోతే ఆ ఇంట్లో పాఠం నడవదు.

పార్టీల్లో కలిసే పెద్దలకి ఒక విన్నపం. ఇన్నేళ్ళూ "స్కూలుకి ఎందుకు పంపట్లేదు?" అని అడిగారు. ఈ నెల నుంచి "ఎందుకు మానేశారు, కుదర్లేదా?" అంటున్నారు. కుదిరింది. బాబుకి కావాల్సింది మారింది, అంతే. మా వాడి ఎదురుగా ఆ మాట అనకండి. ఆ ఏళ్ళు వృథా అయ్యాయని వాడు అనుకోకూడదు. అడగాలనుంటే, పాప కోసం వారంలో ఒక పగలు లైబ్రరీలో తెలుగు కథలు చెప్పడానికి ఎవరైనా వస్తారా అని నన్నే అడగనివ్వండి. మన తెలుగు అసోసియేషన్‌లో రిటైరై పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మమ్మలు, తాతయ్యలు ఎంతమంది లేరు!

బాబు బస్సు 7:10కి మా వీధి చివర ఆగుతుంది. మొదటి రోజు అక్కడిదాకా వస్తానంటే, "గేటు దగ్గరే ఉండమ్మా" అన్నాడు. గేటు దగ్గరే ఉన్నాను. 9 అయ్యాక పాప, నేను తాతయ్యకి కాల్ చేశాం. ముందు బాబు గురించే అడిగారు.