వదినకి మ్యాగజైన్ల మీద మనసు విరిగింది

వదిన చిన్న బొటిక్ నడుపుతుంది. ఆమె ఆడపడుచు ఉష గ్రాఫిక్ డిజైనర్. పెద్ద కంపెనీల చేతిలో లేకుండా నలుగురైదుగురు కూర్చుని నడిపే విదేశీ ఫ్యాషన్, లైఫ్‌స్టైల్ మ్యాగజైన్లంటే ఇద్దరికీ పిచ్చి. చెరిసగం డబ్బులేసుకుని తెప్పించుకునేవాళ్ళు. ఈ ఏడు వదిన తన వాటా ఇవ్వనంది. ఇద్దరూ నేను కల్పించిన మనుషులే. నేను వదిన పక్షం, ఇందులో దాచేదేం లేదు. కాకపోతే ఉష అన్న మాటల్లో కొన్నిటికి నా దగ్గర కూడా జవాబు లేదు.

ఉష: పోస్టేజీ ఎక్కువైందని అంటే చెప్పు వదినా, ఈసారికి మొత్తం నేనే కడతాను.

వదిన: డబ్బు సంగతి కాదే. చదవబుద్ధి కావట్లేదు. మొన్న వచ్చినదానికి ప్లాస్టిక్ కవర్ కూడా విప్పలేదు.

ఉష: ఒకప్పుడు నన్ను చేతులు కడుక్కుంటే గానీ ముట్టుకోనిచ్చేదానివి కాదు!

వదిన: అప్పటి సంగతి వేరు. నాకు ఈ పిచ్చి పట్టింది ఐ-డి వల్ల. బ్రిటిష్ వోగ్ అనే పెద్ద ఫ్యాషన్ పత్రికలో ఆర్ట్ డైరెక్టర్‌గా చేసి బయటికొచ్చిన టెర్రీ జోన్స్ 1980లో లండన్‌లో మొదలుపెట్టాడు. మొదటి సంచికలు మ్యాగజైన్‌లా కూడా ఉండవు, కాగితాలకి స్టేప్లర్ పిన్నులు కొట్టినట్టుంటాయి. రోడ్డున పోయే కుర్రాళ్ళని గోడ ముందు నిలబెట్టి తల నుంచి బూట్ల దాకా ఒక ఫోటో తీసేవాళ్ళు, పక్కన వాడెవడు, ఆ కోటు ఎక్కడ కొన్నాడు, ఏ పాటలు వింటాడు అని రాసేవాళ్ళు. అంతే. సంతలో కొన్నవాడు సంతలో కొన్నానని చెప్పేవాడు. కాలేజీ లైబ్రరీలో ఆ పేజీలు చూసినప్పుడు నాకేమనిపించిందంటే, ఫ్యాషన్ అంటే మనుషులు వాళ్ళ దగ్గరున్న డబ్బుతో, వాళ్ళకున్న పొగరుతో చేసుకునే పని అన్నమాట, ఎవరో పైనుంచి పంచిపెట్టేది కాదు అని. తర్వాత ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత సంచికల కోసం ఎంత తిరిగానో మీ అన్నయ్యని అడుగు. ఆ ఐ-డిని 2012లో వైస్ అనే మీడియా కంపెనీ వాళ్ళు కొనేశారు, 2023లో ఒక సూపర్ మోడల్ పెట్టిన కంపెనీ చేతికి పోయింది. నేను దాని కోసం ఏడవట్లేదు. అలా పెద్దవాళ్ళకి అమ్ముడుపోని పత్రికల సంగతే నా బాధ.

ఉష: అయితే పెద్దవాళ్ళే నయమంటావా? 2008 ఆగస్టు వోగ్ ఇండియా గుర్తుందా? మన దేశంలో వాళ్ళు అడుగుపెట్టి ఏడాది కూడా కాలేదు. పేదవాళ్ళతో ఫోటోలు తీశారు. పళ్ళూడిపోయిన ముసలావిడ చంకలో పిల్లాడు, పిల్లాడికి ఫెండి అనే ఖరీదైన బ్రాండ్ బిబ్. ఇంకొకాయన చేతిలో బర్బెరీ గొడుగు. కింద బ్రాండ్ పేర్లున్నాయి, ఆ మనుషుల పేర్లు లేవు. నీ ఐ-డి కుర్రాడికి పేరుంది కదా. మరి పేరు రాసేవాళ్ళ వైపు ఉండాలా, రాయనివాళ్ళ వైపు ఉండాలా?

వదిన: రాసేవాళ్ళ వైపే. అందుకే కదా ఇన్నేళ్ళు కొన్నాను! వోగ్ మంచిదని నేననలేదు. వోగ్ ఏం చేస్తుందో నాకు ముందే తెలుసు అంటున్నాను. బట్ట ఉంటుంది, కింద ధర ఉంటుంది. ఆ అంకె చూసి, మనకి కాదులే అనుకుని పేజీ తిప్పేస్తాను. నవ్వుకుంటాను కూడా. కిన్‌ఫోక్ పత్రిక దగ్గర అలా తప్పించుకోలేకపోయాను.

ఉష: కిన్‌ఫోక్ ఏం చేసింది పాపం. నలుగుర్ని పిలిచి అన్నం పెట్టండి అంది.

వదిన: అదే చెప్తున్నా. 2011లో అమెరికాలో పోర్ట్‌లాండ్‌లో కొందరు కుర్ర స్నేహితులు పెట్టారు. కొద్దిమంది కలిసి కూర్చుని తినడానికి ఒక గైడ్ అని వాళ్ళే చెప్పుకున్నారు. వ్యాసాలు కూడా ఒంటరిగా ఉన్నప్పుడు, ఇద్దరున్నప్పుడు, కొద్దిమంది ఉన్నప్పుడు అని విడదీసేవాళ్ళు. నాకు ఎంత నచ్చిందో! పేజీ ఎలా ఉండేదో గుర్తుతెచ్చుకో. చెక్క బల్ల, దాని మీద ఇస్త్రీ లేని లినెన్ గుడ్డ, రెండుగా కోసిన అత్తిపండు, ఒక పక్క కిటికీలోంచి వెలుతురు. మనిషి మొహం ఉండదు, చేతులుంటాయి. ధర ఉండదు. ధర లేదు కాబట్టి నేను షాపింగ్ చేస్తున్నానని నాకు తోచలేదు, ఏదో మంచి గుణం నేర్చుకుంటున్నాననుకున్నాను. ఇంట్లో స్టీలు గ్లాసులు అటకెక్కాయి, మట్టిరంగు కప్పులొచ్చాయి. బీరువాలో రంగులు పోయాయి. పసుపు చీర కట్టుకుంటే అరిచినట్టు అనిపించేది నాకు! తక్కువతో బతకమని చెప్పే పత్రిక చదివి నేను కొన్నన్ని వస్తువులు వోగ్ చూసి ఎప్పుడూ కొనలేదు. పోనీ వాళ్ళైనా ఊరుకున్నారా అంటే, అదే సంస్థ పక్కన కంపెనీలకి ఫోటోలు, డిజైన్లు చేసిపెట్టే విభాగం నడిపింది. ఆ వెలుతురు, ఆ బల్ల, ఆ చేతులు, అన్నీ ఇంకోచోట సబ్బుకి, చెప్పులకి కూడా పనికొస్తాయి కదా మరి.

ఉష: అయిపోయిందా? ఇప్పుడు నేను చెప్పేది విను. నీకు కోపం వచ్చింది పత్రిక మీద కాదు. ఆ లినెన్, ఆ కప్పులు నీ ఒక్కదానివే అయినన్నాళ్ళూ నీకు బాగానే ఉంది. జూబ్లీహిల్స్‌లో కాఫీ షాపులన్నీ అలాగే తయారయ్యాయి, నీ బొటిక్‌కి వచ్చే ప్రతి అమ్మాయీ ఫోన్‌లో అదే ఫోటో చూపించి అదే రంగు కుర్తా అడుగుతోంది. అప్పుడు మనసు విరిగింది నీకు. నలుగురికీ దొరికాక నీకు రుచించలేదు. ఇందులో సిద్ధాంతం ఏముంది?

వదిన: ...వాళ్ళు అడిగితే అడగనీ. కుట్టేది నేను కదా. లినెన్ ముందు తడిపి ఆరబెట్టకుండా కట్ చేస్తే మొదటి ఉతుకులోనే కురచైపోతుందని ఏ పత్రికైనా రాసిందా? స్కూటీ మీద అమీర్‌పేట నుంచి మాదాపూర్ వెళ్ళేసరికి వెనకంతా నలిగి ముద్దవుతుందని రాసిందా? ఆ నలుగుడు ఫోటోలో అందంగానే ఉంటుంది. ఆఫీసులో అందరి ముందు నిలబడితే ఆ పిల్ల మళ్ళీ నా దగ్గరికొచ్చి మాస్టర్ సరిగ్గా కుట్టలేదంటుంది.

ఉష: నేనడిగింది అది కాదు.

వదిన: తెలుసులే.

(ఇక్కడ వదిన మాట తప్పించిందని నాకూ తెలుసు. ఉష ప్రశ్న అలాగే ఉండనిద్దాం.)

ఉష: సరే, డబ్బు సంగతికే వద్దాం. పత్రిక నడవాలంటే ఎవరో ఒకరు పెట్టాలి. మన దగ్గర మాత్రం? మద్రాసులో కె.ఎన్. కేసరి గారు 1928లో గృహలక్ష్మి పెట్టారు. ఆ డబ్బు ఎక్కడిది? కేసరి కుటీరం మందులమ్మిన డబ్బు, లోధ్ర అమ్మిన డబ్బు. ఆడవాళ్ళ మందు అమ్మే ఆయన ఆడవాళ్ళ పత్రిక నడిపాడు. నీ లెక్క ప్రకారం అది కూడా కిన్‌ఫోకే.

వదిన: కేసరి గారి జోలికి రాకు. గృహలక్ష్మిలో కనుపర్తి వరలక్ష్మమ్మ గారు శారద లేఖలు రాశారు. ఆడవాళ్ళ చదువు, పెళ్ళిళ్ళు, చట్టాలు, అన్నీ ఒక స్నేహితురాలికి ఉత్తరం రాస్తున్నట్టు రాసేవారు. రచయిత్రులకి బంగారు కంకణం ఇచ్చిన పత్రిక అది! మీ కిన్‌ఫోక్ అత్తిపండ్లతో పోలికా?

ఉష: బంగారు కంకణం కూడా లోధ్ర డబ్బే కదా.

వదిన: అయితే ఏం? లోధ్ర ప్రకటన ప్రకటన లాగే ఉంటుంది. సీసా బొమ్మ, మందు పేరు, దేనికి వాడాలో. అది చూసి చదివే ఆవిడ మోసపోదు. శారద తన ఉత్తరంలో నేను లోధ్ర తాగుతున్నానే, నువ్వూ తాగు అని రాయదు.

ఉష: నువ్వు సంచికలన్నీ చదివినట్టే మాట్లాడుతున్నావు.

వదిన: నువ్వేమో ఒక్కటీ చదవకుండానే మాట్లాడుతున్నావు.

ఉష: బాగుంది, ఎక్కడ మొదలుపెట్టాం, ఎక్కడికొచ్చాం! నీ మాటే తీసుకుందాం. ప్రకటన విడిగా, రాత విడిగా ఉంటే నీకు ఒప్పే కదా. మరి ది జెంటిల్‌వుమన్ పత్రికకి ఏమంటావు? 2010లో మొదలైంది, ఏడాదికి రెండు సంచికలు. ముందు పేజీలన్నీ పెద్ద ఫ్యాషన్ హౌస్‌ల ప్రకటనలే, అవి ప్రకటనలని చిన్నపిల్లకి కూడా తెలుస్తుంది. ఆ డబ్బుతో ఏం చేశారు? 2012లో కవర్ మీద నటి ఏంజెలా లాన్స్‌బరీని వేశారు. అప్పటికి ఆమెకి 86 ఏళ్ళు! మన దగ్గర ఏ ఫ్యాషన్ పత్రికైనా 86 ఏళ్ళావిడని కవర్ మీద వేస్తుందా? హీరోయిన్‌కి ముప్పై దాటితే అమ్మ పాత్రకి అడుగుతారు మనవాళ్ళు. ఆడవాళ్ళు చేసే పని గురించి పేజీలకి పేజీలు ఇంటర్వ్యూలు, ఫోటో పక్కన రెండు ముక్కలు కాదు. ఆ ప్రకటనలు లేకపోతే అవీ లేవు.

వదిన: ఆ కవర్ నాకూ ఇష్టమే. ఇంటర్వ్యూలు బాగుంటాయి, కాదనను. బట్టల పేజీలకి వచ్చేసరికే నా గొడవ. ఈ రంగంలో ఫుల్ లుక్ అంటారు, నీకు తెలిసే ఉంటుంది. బ్రాండ్ వాళ్ళు శాంపిల్ పంపేటప్పుడు షరతు పెడతారు, ర్యాంప్ మీద ఎలా నడిపించామో తల నుంచి కాలి దాకా అలాగే వెయ్యాలి, మా కోటు మీద ఇంకొకరి స్కార్ఫ్ వెయ్యకూడదు అని. ఇక స్టైలిస్ట్ ఎందుకు? సంత నుంచి ఒకటి, అమ్మమ్మ పెట్టెలోంచి ఒకటి తీసి కలిపి వేసుకోవడమే కదా ఐ-డి మొదట్లో చూపించింది. చిన్న పత్రికలు కూడా ఈ షరతుకి ఒప్పుకుంటాయి, ఎందుకంటే అదే బ్రాండ్ ముందు పేజీ కొంటుంది. పైగా ఈ షూట్‌లకి చాలాచోట్ల ఫోటోగ్రాఫర్‌కి, మేకప్ అమ్మాయికి పైసా ఇవ్వరు, ఖర్చులు కూడా వాళ్ళే పెట్టుకుంటారు, ఇక్కడ పేరు పడితే రేపు యాడ్ పని దొరుకుతుందని ఆశ. అంటే పత్రికకి డబ్బు బ్రాండ్ ఇస్తోంది, శ్రమ కుర్రాళ్ళు ఊరికే ఇస్తున్నారు, మధ్యలో నేను బోలెడు పోస్టేజీ కట్టి ఆ కాగితం ఎంత మెత్తగా ఉందో అని తడిమి చూసుకుంటున్నాను!

ఉష: పని ఊరికే చేయించుకోవడం తప్పే. నేనూ చేశాను అలాంటివి, ఇకపై చెయ్యను. కానీ వదినా, చిన్నవాళ్ళు లేకపోతే పెద్దవాళ్ళ లోగుట్టు కూడా బయటికి రాదు. 2017లో ఏమైంది? పాతికేళ్ళు బ్రిటిష్ వోగ్ ఫ్యాషన్ డైరెక్టర్‌గా చేసిన లూసిండా ఛాంబర్స్‌ని తీసేశారు. ఆమె వెళ్ళి వెస్టోయ్ అనే చిన్న పత్రికతో మాట్లాడింది. దాంట్లో ప్రకటనలే ఉండవు. ఫలానా నెల కవర్ మీద వేసిన టీ-షర్ట్ చెత్త, అది డిజైనర్ మైకేల్ కోర్స్‌ది, ఆయన పెద్ద ప్రకటనదారు కాబట్టి వెయ్యాల్సొచ్చిందని పేరుపెట్టి చెప్పింది. తనే ఏళ్ళ తరబడి వోగ్ చదవలేదని కూడా అంది. ఇది ఎవరు అచ్చేస్తారు? నీ ధర రాసే నిజాయితీపరులు వేస్తారా?

వదిన: అది మంచి దెబ్బే. మళ్ళీ దాన్ని కాసేపట్లోనే సైట్ నుంచి తీసి, మార్పులు చేసి పెట్టాల్సొచ్చింది కదా. అయినా ఒప్పుకుంటాను, వెస్టోయ్ చేసింది నికార్సైన పని. కానీ ఒకటి ఆలోచించు. ఆ టీ-షర్ట్ బాగాలేదన్న ముక్క బయటికి రావడానికి ఆమె ఉద్యోగం పోవాల్సొచ్చింది. సినిమా వచ్చిన సాయంత్రానికి సెకండాఫ్ సాగదీశాడని రాసేస్తాం మనం. హోటల్లో బిర్యానీ బాగాలేకపోతే రాస్తాం. బట్ట బాగాలేదని రాసిన ఫ్యాషన్ పత్రిక పేజీ ఒకటి చూపించు. మన దగ్గరున్న వాటన్నిట్లో, చిన్నవీ పెద్దవీ కలిపి. చీరల కొట్లో కూర్చున్న పెద్దావిడ కొంగు వేలికి చుట్టి చూసి, ఇది రెండు ఉతుకులకి వెలుస్తుంది, జరీ నల్లబడుతుంది, ఈ ధరకి దండగ అని మొహం మీదే చెప్తుంది. నాకు అలాంటి పత్రిక కావాలి. ఇంత కష్టపడి ఎవరి చేతిలోనూ లేకుండా నడుపుతున్నవాళ్ళు కూడా పొగడ్తలే రాస్తుంటే ఇక ఆ కష్టం దేనికి?

ఉష: బాగాలేదని రాస్తే మర్నాటి నుంచి శాంపిల్ రాదు, షోకి పిలుపు రాదు, ప్రకటన రాదు. మిగిలేది నీ చందా ఒక్కటే. అంటే ధర ఇప్పటికి మూడింతలు చెయ్యాలి. నువ్వు కొంటావా?

వదిన: కొంటాను. రెండో సంచికలో కూడా అంతే కచ్చితంగా రాస్తే మూడోది కూడా కొంటాను.

ఉష: మూడో సంచిక నాటికి వాళ్ళు మూసేసుకుని ఉంటారు వదినా.