బోడి నేలను ‘బాగుచేయడం’ మానండి

ఎక్కడ కాస్త మట్టి బయటపడి కనిపించినా మన చేతులు ఊరుకోవు. గడ్డి వేద్దాం, మొక్కలు నాటుదాం, గట్టుకు రాళ్లు పేరుద్దాం అంటాం. ప్రకృతి మీద ప్రేమ ఉన్నవాళ్లే ముందుండి ఈ పని చేయిస్తుంటే నాకు మరీ బాధ.

అలాంటి బోడి నేల మీద పరుగెత్తి ఎరను వేటాడే పెంకు పురుగులున్నాయి, టైగర్ బీటిల్స్. వాటిలో సిలిండెరా అనే ప్రజాతి ఉంది. సన్నటి, చిన్న పురుగులు. చాలావాటి పొడవు సెంటీమీటరుకు అటూ ఇటూ. ఎండ పడితే కొన్ని పచ్చగా, కొన్ని రాగి రంగులో లోహంలా మెరుస్తాయి. పెంకులో ఒకదాని మీద ఒకటిగా ఉన్న అతి పలచని పొరల మీద వెలుగు పడి తిరిగొస్తే పుట్టే మెరుపది. టైగర్ బీటిల్ ఎరను తరిమేటప్పుడు ఆ వేగాన్ని దాని కళ్లే అందుకోలేవు. అందుకే కాస్త పరుగెత్తి, టక్కున ఆగి, ఎర ఎక్కడుందో చూసుకుని మళ్లీ ఉరుకుతుంది. దట్టంగా గడ్డి మొలిచిన చోట ఈ వేట ఎలా సాగుతుంది?

పిల్ల పురుగుది ఇంకా గడ్డు బతుకు. నేలలోకి నిటారుగా బొరియ తవ్వుకుని, చదునైన తలనే దానికి మూతగా పెట్టి కాచుకుంటుంది. చీమ దగ్గరికొస్తే వెనక్కి విరుచుకుని పట్టేస్తుంది. ఎర ఎంత గింజుకున్నా ఈ పిల్ల పురుగును బయటికి లాగలేదు, వీపు మీది మూపురానికున్న కొక్కేలు బొరియ గోడను పట్టుకుని ఉంటాయి. ఇలా ఏడాది, కొన్ని జాతుల్లో రెండేళ్లు. ఈలోగా పైన బండి తొక్కినా, వేర్లు అల్లుకున్నా అదెక్కడికి పోతుంది?

బ్రిటన్‌లో సిలిండెరా జెర్మానికా బతుకు విరిగిపడే తీరపు కొండచరియలతో ముడిపడి ఉంది. డోర్సెట్, ఐల్ ఆఫ్ వైట్, వేల్స్ తీరాల్లో మెత్తటి మట్టి జారుతూ ఉంటుంది, నీటి ఊటలు తడుపుతూ ఉంటాయి, కొత్త బోడి నేల తేలుతూ ఉంటుంది. ఈ పురుగు ఎగరడం అరుదు. అడుగున గోడ కట్టి చరియను ఆపేస్తే పొదలు కమ్ముకుంటాయి, దాని చోటు పోతుంది. ఇళ్లు కూలే ప్రమాదం ఉన్నచోట గోడ కట్టాల్సిందే, కాదనను. ఏ ఇల్లూ లేని చరియకు కూడా ఎందుకు?

అమెరికాలో నెబ్రాస్కాలోని లింకన్ నగరం దగ్గర సాల్ట్ క్రీక్ టైగర్ బీటిల్‌కూ ఇదే జరిగింది. పనికిరావనుకున్న ఉప్పు చిత్తడులను ఎండగట్టి, వాగును తిన్నగా తవ్వారు. 2005లో దాన్ని అంతరించే ప్రమాదంలో ఉన్న జీవిగా ప్రకటించాల్సి వచ్చింది.

పచ్చదనం పెంచే ప్రతి పథకంలోనూ ఇంత బోడి నేల వదలాలని రాసి ఉండాలి. మొక్క నాటేముందు ఎవరైనా ఒకరు వంగి, అంచులు నున్నగా ఉన్న గుండ్రటి చిల్లులు ఉన్నాయేమో వెతకాలి. ఉంటే ఆ గునపం ఇంకోచోట దించండి.