శ్రీ 1.74 గారి సముఖానికి

వెలుగును వంచే గుణానికి 1.74 అంకెను బిరుదుగా పొందిన మహారాజశ్రీ పలుచని హైఇండెక్స్ లెన్సు గారికి, మైనస్ ఒకటి పవరు గల సామాన్యుడు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

కళ్లజోడు మార్చుకుందామని వెళితే తమరి చిత్రపటం చూపించారు. ఒక పక్క సీసా అడుగులాంటి లావుపాటి అద్దం, మరో పక్క తమలపాకులా తమరు. కింద మాత్రం చీమ తలకాయంత అక్షరాల్లో ‘మైనస్ ఎనిమిది పవరుకు’ అని ఉంది. నాది హ్రస్వదృష్టి కదా, దూరపు బోర్డులు అలుక్కుపోతాయి గానీ దగ్గరి సన్న అక్షరాలు భేషుగ్గా కనిపిస్తాయి. ఈ సంగతి తమరు ఆలోచించినట్టు లేదు.

ఇంటికొచ్చి లెక్క వేశాను. 50 మిల్లీమీటర్ల అద్దానికి నా పవరు తీస్తే, సీఆర్-39 అనే మామూలు ప్లాస్టిక్‌లో నడిమి కంటే అంచు దాదాపు 0.6 మిల్లీమీటరు మందం పెరుగుతుంది. తమరిలో 0.4. తేడా రెండు కాగితాలంత! నడిమి మందమూ కాస్త తగ్గించవచ్చని తమరి తరఫు వకాల్తా పుచ్చుకున్న అమ్మకందారు అన్నాడు. ఒప్పుకున్నాను. అయితే నా ఫ్రేము అంచు ఆ రెంటినీ కలిపి మింగేస్తుంది. పైగా ఘన సెంటీమీటరుకు తమరు 1.47 గ్రాములు, ఆ మోటువాడు సీఆర్-39 మాత్రం 1.32. ఇదెక్కడి సన్నదనమండీ?

రంగులు చెదరకుండా చూపే గుణానికి ఆబే సంఖ్య అని పేరు, ఎక్కువ ఉంటే మేలు. మామూలు ప్లాస్టిక్‌కు 58, తమరికి 33. నా పవరుకు ఆ తేడా కంటికి ఆనదని తమరు అనవచ్చు. నిజమే. తమరి సన్నదనమూ ఆనదు కదా! ఇక మెరుపు సంగతి. ఆ సీఆర్-39 ఒక్కో ముఖం నుంచి నూటికి నాలుగు పాళ్ల వెలుగు వెనక్కి కొడితే తమరు ఏడు పాళ్లు కొడతారు. అందుకే యాంటీ రిఫ్లెక్షన్ పూత లేనిదే తమరు గడప దాటరు.

దెబ్బకు పగలని ప్లాస్టిక్ పాలికార్బొనేట్ గారితో నాకు పేచీ లేదు. పిల్లలకు, ఆటలాడేవారికి, ఒక్క కంటి చూపే ఆధారమైనవారికి ఆయనే దిక్కు. దెబ్బకు ఓర్చినంతగా గీతకు ఓర్చుకోడు, అంతే. రంధ్రాలు వేసి బిగించే రిమ్‌లెస్ ఫ్రేముకైతే తేలిగ్గా పగలని మరో ప్లాస్టిక్ ట్రైవెక్స్‌నూ పిలుస్తాను.

తమరు మోటువాడని తీసిపారేసిన సీఆర్-39 మాత్రం రెండో ప్రపంచ యుద్ధంలో బాంబరు విమానాల ఇంధన ట్యాంకుల్లో పనిచేసి వచ్చిన మనిషి. నా ముక్కు మీద కూర్చోవడానికి ఆయనకు ఆ అనుభవం చాలు.

మా వదినగారిది మైనస్ తొమ్మిది. తమరి కోసం కళ్లు కాయలు కాచేలా చూస్తున్నారు. చిరునామా పంపమంటారా?

ఇట్లు,
మైనస్ ఒకటి (ఎడమ కన్ను 0.75)